సిస్టరమ్మ నీడ లేవకముందే

మీ నీడ మీకంటే ముందు నిద్రపోయిన రోజు ఉందా? ఉంటే, ఈ సంగతి మీకు విడమర్చి చెప్పక్కర్లేదు.

గుండె జబ్బుల వార్డులో ఆ నర్సును అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. బీపీలు చూడటం, సెలైన్లు మార్చటం, మందులిచ్చి చార్టులో రాయటం ఆమె పని. ఆమె నీడ తరచూ గోడకు చేరగిలబడి కునికేది. ఆ వార్డులో అదేం వింత కాదు. తుడిచే ఆయా పడుకున్న నీడల చుట్టూ తడిగుడ్డ తిప్పుకుపోయేది. మనిషి ఎన్ని గంటలు ఆపకుండా పనిచేస్తే నీడ అన్ని గంటలు నిద్రపోతుందని చిన్నపిల్లలకైనా తెలుసు.

"నీ నీడకు నా దుప్పటి కప్పనా?" అని నాలుగో మంచం మీది రిటైరైన బస్సు డ్రైవరు ఆటపట్టించేవాడు. స్టీరింగు ముందు కునుకు పడితే ఏమవుతుందో తెలిసినవాడు. నవ్వుతూనే, "ఇంటికి పో తల్లీ" అనేవాడు.

పోనిస్తేగా! రావాల్సిన నర్సు రాలేదని ఒక డ్యూటీ, అసలా పోస్టే ఖాళీ అని ఇంకొకటి. అలా వరసగా నాలుగు. ముప్పై రెండు గంటలు. కళ్లలో ఇసుక పోసినట్టుంది. కొళాయి కారితే ఎవరో పిలిచినట్టు వినిపించేది. చార్టులో అక్షరాలు చీమల్లా పక్కకు జరిగేవి. ఈరోజు ఉదయం ఎనిమిది కావస్తుండగా డ్రైవరుకు గుండె వేగం తగ్గించే ఇంజెక్షను ఇచ్చింది. రాయబోతుంటే పక్క మంచం వాళ్లు పిలిచారు, వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే చార్టు ఖాళీ. ఇచ్చినట్టు గుర్తు లేదు. మళ్లీ ఇచ్చింది.

ఆయన గుండె ఆగిన క్షణాన ఆమె నీడ మంచం పక్కన నేలమీద కూలబడి, ఒళ్లెరగని నిద్రలోకి జారిపోయింది. కిటికీలో ఎండ జరిగింది గానీ నీడ జరగలేదు.

సూపరింటెండెంటు రిజిస్టరు తెచ్చాడు. అందులో ఆమె పేరు ఒక్క ఎనిమిది గంటల డ్యూటీకే ఉంది. మిగతా మూడూ లేని మనుషుల పేర్ల మీద ఉన్నాయి. నిర్లక్ష్యం అని కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు.

"చంపింది నేనేగా," అంటూ సిస్టరమ్మ పెన్ను అందుకుంది.

డ్రైవరు కూతురు ఆ పెన్ను లాక్కుంది. పొద్దుట్నుంచీ ఆ పిల్ల సిస్టరమ్మ మొహం చూడలేదు. అప్పుడూ చూడలేదు. వెళ్లి నీడ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మా నాన్నకు సూది వేసింది ఈవిడ చెయ్యే. నేను క్షమించను. కానీ ఆ చేతిని ఎన్ని గంటలు నిలబెట్టారో ఈ నీడే చెప్తుంది. దీన్ని పడుకోనివ్వండి."

రిజిస్టరు నిజమైతే నీడ ఈ సాయంత్రం నాలుగింటికి లేవాలి. సిస్టరమ్మ ఒళ్లు నిజమైతే రేపు నాలుగింటికి. అందుకే సూపరింటెండెంటు సరిగ్గా నాలుగింటికి ఆపరేషన్ గది నుంచి పెద్ద లైటు తెప్పించి నీడ మొహాన కొట్టిస్తాడట. అది లేచిందా, రిజిస్టరే నిజమైపోతుంది. ఆమె ఉద్యోగం పోతుంది, ఆపైన జైలు. ఖాళీ పోస్టులు ఖాళీగానే ఉంటాయి. ఆ నాలుగో మంచం ఇంకొకరి కోసం ఉండనే ఉంది.

సిస్టరమ్మ మాత్రం వరండాలో బల్ల మీద కళ్లు తెరుచుకునే ఉంది. ఆమె నిద్ర కూడా నీడే పోతోంది.

ఇప్పుడు మూడున్నర. అక్కడ ఆ కూతురు ఒక్కతే. లేవండి. రేపటిదాకా వంతులేసుకుని నీడ చుట్టూ కూర్చోవాలి, లైటుకు అడ్డంగా. చెప్పులు వార్డు బయటే విడిచి, చప్పుడు చెయ్యకుండా రండి.