ఆదివారం పలకని పోర్టు

కంప్యూటరుకి పని చెప్పడానికి నేను రాసిన షెల్ స్క్రిప్టు ఇరవై రెండంటే ఇరవై రెండు లైన్లు. దానివల్ల ఒక మనిషి ఉద్యోగం ఊడేదాకా వస్తుందని రాసేటప్పుడు అనుకోలేదు.

కాలువ గేట్ల దగ్గర నీటిమట్టం కొలిచి పంపే బాక్సులు మా కంపెనీవి తొమ్మిది ఉన్నాయి. రాజమండ్రి ఆఫీసులో కూర్చుని వాటిని కనిపెట్టుకుని ఉండటం నా పని. ప్రతి బాక్సుకీ ఒక పోర్టు ఉంటుంది, అంటే మన కబురు లోపలికి వెళ్ళే తలుపు. నా స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి తొమ్మిది తలుపులూ తట్టి, ఏది పలికిందో ఏది పలకలేదో టైముతో సహా ఫైల్లో రాస్తుంది. వరసగా మూడుసార్లు పలక్కపోతే నాకూ, మా మేనేజరు శ్యాంబాబుగారికీ మెసేజ్ పంపుతుంది. అంతకుమించి దానికేమీ తెలీదు. ఆ ముక్క నాకు గుర్తుండి ఉంటే బాగుండేది.

ఏడో బాక్సు ప్రతి ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి చచ్చిపోయి, పన్నెండున్నరకి లేచి కూర్చునేది.

"చూశారా దుర్గగారూ, మనోడు చర్చికి పోతూ స్విచ్చి ఆపేసి పోతున్నాడండి," అన్నారు శ్యాంబాబుగారు. మనోడంటే అక్కడి లస్కరు యెహెజ్కేలు. గేట్లు ఎత్తి దించేదీ, మా బాక్సును చూసుకునేదీ ఆయనే. కాంట్రాక్టు మనిషి. "ఎనిమిది వారాల రికార్డు తీసివ్వండి. ఒకటో తారీకు నుంచి ఇంకొకర్ని పెట్టేద్దాం."

నాకూ ఒళ్ళు మండుతూనే ఉంది. సెలవు రోజున ఆ మెసేజ్‌ల మోత భరించింది నేనే. మిగతా ఎనిమిదీ బుద్ధిగా పలుకుతుంటే ఈయనకేం వచ్చింది? అయినా నా కాగితం చూపించి ఒకరి పొట్ట కొడతారంటే చెయ్యి ఆడలేదు. ఆ ఆదివారం మండపేట బస్సెక్కి, అక్కణ్ణించి ఆటో మాట్లాడుకున్నాను.

దారిలో మా బాక్సులున్న గేట్లు రెండు తగిలితే దిగి చూశాను. రెండింటి దగ్గరా పచ్చలైటు వెలుగుతోంది, మనిషి అలికిడి లేదు. ఎవరూ ఆపకుండా స్విచ్చికి ప్లాస్టరు చుట్టి మరీ వెళ్ళిపోయారు అక్కడి లస్కర్లు.

ఏడో గేటు చేరేసరికి పన్నెండు దాటింది. ఇస్త్రీ చొక్కాతో, చంకలో బైబిలుతో కాలువగట్టు మీద వడివడిగా వస్తున్నాడు యెహెజ్కేలు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. నాకు నమస్కారం పెట్టి, ముందు గదిలోకి వెళ్ళి బాక్సు స్విచ్చి వేశాడు.

"ఎందుకు ఆపుతున్నారండీ దాన్ని?" కాస్త గట్టిగానే అడిగాను.

ఆయన తెల్లబోయాడు. "నేను లేను కదండీ మరి!"

"మీరు లేకపోతే?"

"దీన్ని బిగించినోళ్ళు చెప్పారండి. లైటు వెలుగుతుంటే యెహెజ్కేలు డ్యూటీలో ఉన్నట్టు ఆఫీసులో కనపడుద్ది, జాగర్త అని. గుళ్ళో కూర్చుని డ్యూటీలో ఉన్నట్టు చూపించడం తప్పు కదండీ. అందుకని ఆపేసి ఎల్తున్నానండి. ఆ మూడు గంటలూ సెలవు రాసుకుంటున్నారనుకున్నాను."

నాకు సిగ్గేసింది. అక్కడే నిలబడి శ్యాంబాబుగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు.

"అంతేనాండీ? ఇక మీదట ఆపొద్దని చెప్పండి. అది పలుకుతుంటే మనకింకేం కావాలి? ఆయన్నే ఉండనివ్వండి."

ఉద్యోగం నిలబడింది. ఆ మాట యెహెజ్కేలుకి చెప్పి, "ఇది హాజరుపట్టీ కాదండి. మీరున్నారో లేదో దీనికి తెలీదు. మీరు ఎక్కడికెళ్ళినా దీన్ని ఆపకండి, చాలు," అన్నాను. సంతోషిస్తాడనుకున్నాను.

ఆయన గది అరుగు మీద కూర్చుండిపోయాడు.

"అయితే నేనున్నట్టు ఆఫీసులో ఎవరికీ తెలీదాండీ?"

నేనూ పక్కన కూర్చున్నాను.

"మొన్న తుఫానుకి మూడు రోజులు ఇంటికెళ్ళలేదండి. మా మనవరాలు రెబెక్కాకి జొరం. అయినా గేట్లు వదిలి పోలేదు. కరెంటు పోయినా బ్యాటరీ మీద లైటు వెలుగుతానే ఉంది. ఆఫీసులో చూస్తున్నారు కదా అని ధైర్యంగా ఉందండి."

ఆ మూడు రోజులూ బాక్సుల కబురు మోసే సెల్ టవర్లు పనిచెయ్యలేదు. నా ఫైల్లో ఏడో బాక్సు ఎదురుగా మొదటినుంచి చివరిదాకా 'పలకలేదు' అనే ఉంది. ఆ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేకపోయాను.

ఆయనే మళ్ళీ అన్నాడు. "పోనీ, రోజూ పొద్దున్నే నేనే ఫోన్ చేసి చెప్తానండి, ఉన్నానని. ఎత్తుతారాండీ?"

"ఎత్తుతానండి," అన్నాను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆదివారం కూడా తొమ్మిది పోర్టులూ పలుకుతున్నాయి, శ్యాంబాబుగారు హాయిగా ఉన్నారు. నాకు మాత్రం పొద్దున్న ఆరింటికి ఫోన్ మోగుతుంది. "ఉన్నానండి," అంటాడు. "సరేనండి," అంటాను. పెట్టేస్తాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకి మళ్ళీ చేస్తాడు.

"గుడికెల్తున్నానండి. పన్నెండున్నర దాకా లేనండి."