టాఫీకి తలంటు మాన్పించిన ఆదివారం

మ్యూరియెల్‌కి ఒళ్లు మండిపోయింది. పోయిన మొగుడు ముచ్చటపడి పెంచుకున్న ఫెర్రెట్‌ని, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే ఆ టాఫీని పట్టుకుని అల్లుడు డెరిక్ కంపు జంతువు అనేశాడు. అంతటితో ఊరుకున్నాడా?

"ఆదివారం మా అమ్మ భోజనానికొస్తోంది అత్తయ్యా. ఇంట్లో కంపు కొట్టిందా, సోమవారం దీన్ని ఎవరికైనా ఇచ్చేసొస్తా. తర్వాత నన్ను అనొద్దు."

ఉంటున్నది అల్లుడింట్లోనాయె, ఏమంటుంది? ఆ రోజు నుంచి పొద్దున్నే వంటింటి సింకులో లావెండర్ షాంపూతో టాఫీకి తలంటు. అది గింజుకునేది, కరిచేది, తడి బొచ్చుతో కర్టెన్లు ఎక్కేది. నాలుగు రోజులయ్యేసరికి వాసన తగ్గకపోగా ఇల్లంతా గుప్పుమంది. గురువారం ఆమె దాన్ని చంకనేసుకుని పక్కవీధి క్లిఫర్డ్ పెరట్లో వాలింది. నలభై ఏళ్లుగా ఫెర్రెట్లతో కుందేళ్ల వేటకెళ్లే మనిషాయన. టాఫీని ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుని పకపకా నవ్వాడు.

"రోజూ తోముతున్నావా? ఓసి పిచ్చిదానా! నువ్వు కడిగేకొద్దీ ఒళ్లు ఎండిపోయి అది ఇంకా నూనె ఊరిస్తుంది. ఆ నూనెదే వాసనంతా. ఏడాదికి రెండు స్నానాలు చాలు. పక్కబట్టలు ఉతుకు, అది దొడ్డికెళ్లే తట్ట రోజూ కడుగు, చెవులు తుడువు. స్నానం జోలికి మాత్రం పోకు."

"ఆదివారానికి సర్దుకుంటుందంటావా?"

"నువ్వు చేతులు కట్టుకుని కూచుంటే."

చేతులు కట్టుకోవడం మ్యూరియెల్ వంశంలోనే లేదు. శనివారం సాయంత్రం షాంపూ సీసా మీదకి చెయ్యి పోయింది కూడా. చటుక్కున దాన్ని చెత్తబుట్టలో పారేసి, టాఫీ పడుకునే ఉయ్యాల గుడ్డ మూడోసారి ఉతికింది.

ఆదివారం డెరిక్ తల్లి ఎనిడ్ వచ్చింది. వాసన పట్టడంలో ఆవిడకు ఆవిడే సాటి. హ్యాండ్‌బ్యాగు కుర్చీలో పడేసి ముక్కు ఎగరేసింది.

"ఏదో కంపు!"

"చెప్పానా?" అన్నాడు డెరిక్.

ఎనిడ్ మాత్రం వాసన వెంటబడి, మెట్ల కింద నుంచి చేపల వేట సంచి ఒకటి బయటికి లాగింది. అందులో మూత ఊడిన ఎర డబ్బా, పోయిన నెలది. లోపలి పురుగుల గతి అడక్కండి.

"ఛీ ఛీ! ఎవడిదిరా ఇది?"

"నాదే. కానీ ఆ ఫెర్రెట్ కూడా..." అని నసిగాడు డెరిక్.

చేతులు తుడుచుకుందామని ఎనిడ్ రుమాలు కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. మెత్తగా ఏదో తగిలింది. టాఫీ! ఎప్పుడు దూరిందో ఏమో, హాయిగా నిద్రపోతోంది. ఎనిడ్ దాన్ని ఎత్తి, మెడ దగ్గర ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది.

"దీనికేం వదినా, ఉన్ని స్వెట్టరు వాసన, అంతే! కంపంతా నా కొడుకుదే."

మ్యూరియెల్‌కి కాళ్లు నేల మీద ఆనలేదు. టాఫీని భుజాన వేసుకుని అల్లుడి ముందు నిలబడింది.

"సోమవారం దాకా ఎందుకు బాబూ? ఆ సంచి ఇప్పుడే ఎవరికైనా ఇచ్చేసిరా."