ఖాళీ రంగు డబ్బా

మా సెలూన్‌కి రెండు గదులు. ముందు గది మగవాళ్ళది, అది మా ఆయన రాజ్యం. వెనక గది ఆడవాళ్ళది, అది నాది. మధ్యలో చెక్కలతో కొట్టిన అడ్డు ఒకటుండేది. ఆ చెక్కల మధ్య సరిగ్గా నా కంటి ఎత్తులో ఒక సందు ఉండేది. ఆ రోజుల్లో నేను ఎవరి కనుబొమలకి దారం పట్టుకున్నా కళ్ళు మాత్రం ఆ సందులోనే ఉండేవి. ఒకావిడ కనుబొమ సగం ఎగిరిపోయిందని గోల పెట్టింది. నేనేం చెయ్యను? అవతల మా ఆయన చేతిలో కత్తి, కత్తి కింద ఎవరిదో గొంతు, ఆయన కళ్ళేమో మూతలు పడుతున్నాయి.

ఇదంతా ఆయన కుడి భుజంతో మొదలైంది. పెళ్ళికి ముందు నుంచీ ఎత్తి పట్టుకున్న చెయ్యి అది. ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? దువ్వెన పైకెత్తితే చాలు, పళ్ళు బిగబట్టేవాడు. చివరికి నేనే బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ ఒక మాత్ర రాసింది. ఒకే మాత్రలో రెండు మందులుంటాయట. ఒకటి వాపునీ నొప్పినీ తగ్గిస్తుంది. రెండోది మత్తు జాతిది, నొప్పి ఉన్నా మనసుకి తెలియనివ్వదు.

పాపం, ఆ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. వారం రోజులకే రాస్తున్నానంది. ఏమన్నా తిన్నాకే వేసుకోమంది. దీని మీద ఇంకే నొప్పి మాత్రా ముట్టొద్దంది. దురద పెట్టొచ్చు, నిద్ర ముంచుకు రావొచ్చు, విరేచనం బిగుసుకుపోవచ్చు అంది. మలం నల్లగా వస్తే మాత్రం ఏమీ ఆలోచించకుండా వచ్చేయమంది. ఇద్దరం బుద్ధిమంతుల్లా తలలూపి బయటికొచ్చాం.

ఆ మాటలు ఇంకెవరికైనా చెప్పి ఉంటే పనికొచ్చేవేమో. మా పనిలో ఉన్నవాళ్ళకి చెబితే ఏం లాభం? దురద అంటారా, కత్తిరించిన వెంట్రుకలు కాలర్లో దూరి రోజంతా గుచ్చుతూనే ఉంటాయి. నిద్ర అంటారా, పొద్దున్నుంచీ నిలబడ్డవాడికి అన్నం తిన్నాక కునుకు రాకుండా ఉంటుందా? ఇక నలుపు సంగతి చెప్పక్కర్లేదు. జుట్టుకేసే నల్లరంగు మా తువ్వాళ్ళ మీద, గోళ్ళలో, సింకులో ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. రంగు గిన్నెలు బాత్రూంలో కడగడం మా ఆయనకి అలవాటు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మరకలు తోముతూనే ఉన్నాను.

మాత్ర అద్భుతంగా పనిచేసింది. మా ఆయన ఈల వేసుకుంటూ కత్తెర ఆడించాడు. ఎన్నాళ్ళకో ఆ ఈల విని నాకూ ప్రాణం లేచొచ్చింది. వారం అయిపోయింది. మందుల షాపతను మా దగ్గరే జుట్టు కత్తిరించుకుంటాడు. చీటీ ఏదని మాటవరసకి కూడా అడగలేదు, ఇంకో అట్ట ఇచ్చాడు. ఆ తర్వాత ఇంకోటి. సాయంత్రానికి మాత్ర బలం తగ్గి భుజం సలిపితే, అద్దం కింద సొరుగులో పాత నొప్పి మాత్రలు ఉండనే ఉన్నాయి. చిన్న మాత్రే కదా అని అదీ వేసుకునేవాడు. నీళ్ళ గ్లాసు అందించింది నేనే.

దురద మొదలైంది. దువ్వెనతో వీపు గోక్కుంటుంటే, పని కాగానే చొక్కా దులుపుకోమని నేను సతాయించాను. బాత్రూంలో దూరితే ఎంతకీ బయటికి రాడు. లోపల ఇంకో బ్రాంచి పెట్టారా ఏమిటని వెక్కిరించాను. మత్తు దగ్గరికొచ్చేసరికి మాత్రం నా నవ్వు ఆగిపోయింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే తూలుతున్నాడు. కొన్నాళ్ళు కత్తి పక్కన పెట్టండి, మెషీన్‌తో కానివ్వండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆయన ఒంటికాలి మీద లేచాడు. కత్తి పట్టకపోతే ఈ షాపుకి తనెందుకట. నన్ను నా గది చూసుకోమన్నాడు.

నా గది ఎలా చూసుకోను? ఏదో ఒక రోజు ఆ చెయ్యి జారుతుంది, ఎవరి గొంతో తెగుతుంది, మా బతుకు వీధిన పడుతుంది. నిద్రలో కూడా అదే భయం. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే సందు దగ్గరికి పోవాలనిపిస్తుంది. నా భయమంతా ఆ చేతి మీదే పెట్టుకున్నాను. కడుపు సంగతి కలలోకి కూడా రాలేదు.

ఆ మధ్యే బాత్రూంలో నల్లటి మరకలు మళ్ళీ కనబడ్డాయి. నీళ్ళు పోసినా ఒక పట్టాన వదల్లేదు. గిన్నెలు సింకులో కడగమని ఎన్నిసార్లు చెప్పాలని అరిచాను. సరేలేవే అన్నాడు. ఆయనైనా కిందికి వంగి చూసుకున్నాడో లేదో. చూసినా రంగే అనుకుని ఉంటాడు.

ఆ రోజు పొద్దున మీసాల బాబాయ్ వచ్చాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు, ఇప్పుడు సొంత కారు నడుపుకుంటాడు. తలలో నల్ల వెంట్రుక లేకపోయినా మీసం మాత్రం నిగనిగలాడుతూ ఉండాలి. దానికి మా షాపు రంగే కావాలి. మాకు సరుకు తెచ్చే మనిషి కొన్నాళ్ళుగా కనబడకపోవడంతో మీసం మొదళ్ళు తెల్లబడి, బాబాయ్ మొహం మాడ్చుకుని తిరుగుతున్నాడు. రంగు ఇవాళ కూడా రాలేదంటే, సణుక్కుంటూనే గడ్డానికి కూర్చున్నాడు.

నేను సందులోంచి చూస్తున్నాను. ఒక బుగ్గ అయింది. రెండో బుగ్గ మీద నురగ అలాగే ఉంది. మా ఆయన బాబాయ్ గడ్డం పైకెత్తి గొంతు మీద కత్తి ఆనించాడు. అంతే, చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చేతిలో దారం, కుర్చీలో ఒక కనుబొమే అయినావిడ, అన్నీ వదిలేసి పరిగెత్తాను. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతాడని నోరు నొక్కుకుని మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిసి ఉంది. మెల్లిగా కత్తి తీసేసుకున్నాను. బాబాయ్ కళ్ళు తెరిచి, కత్తి నా చేతిలో చూసి గుటక వేశాడు. మా ఆయన ఏదో చెప్పబోయి, కడుపు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాడు.

నాకు కోపం కట్టలు తెంచుకుంది. తలుపు బయట నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గోడ పట్టుకుని బయటికొచ్చి, అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. లోపలికి చూస్తే మళ్ళీ అదే నలుపు, తారు పోసినట్టు. చీపురు అందుకుని గొంతు చించుకున్నాను.

"మళ్ళీ రంగు పారబోశారా? తోమలేక చస్తున్నాను!"

ముందు గదిలోంచి బాబాయ్ గొంతు వినబడింది. నిష్ఠూరంగా ఉంది.

"రంగు వచ్చిందా అమ్మాయ్? నాకు లేదని చెప్పి ఎవరికి వేశారు?"

చీపురు నా చేతిలోనే ఉండిపోయింది. ఎవరికి వేశాం? ఎవరికీ వెయ్యలేదు. అలమర మీద రంగు డబ్బా ఉంది, నేనే ఖాళీ చేసి బోర్లించాను. గిన్నె ఎండిపోయి, అడుగున దుమ్ము పట్టి ఉంది. వచ్చిన వాళ్ళందరినీ రంగు లేదని తిప్పి పంపింది నేనే. అప్పుడు వాసన తెలిసింది. రంగు ముక్కుకి ఘాటుగా కొడుతుంది. ఇది ఆ ఘాటు కాదు, కుళ్ళిన వాసన. డాక్టరమ్మ చెప్పిన మాట చెవిలో గింగురుమంది.

"బాబాయ్, కారు తియ్యండి," అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు. మెడకి కట్టిన గుడ్డతో, బుగ్గ మీద నురగతో అలాగే లేచి జేబులోంచి కారు తాళాలు తీశాడు. ఒక కనుబొమ చేయించుకున్నావిడ మా షాపు తలుపు వేసింది. దారి పొడుగునా మా ఆయన తల నా ఒళ్ళో ఉంది. తిట్టిన నోటితోనే ఏవండీ, ఏవండీ అని పిలుస్తూనే ఉన్నాను. పలుకు ఆగితే ఊపిరి ఆగుతుందేమోనని భయం. ఊ అంటాడు, కాసేపు అనడు, మళ్ళీ ఊ అంటాడు.

ఆసుపత్రిలో నల్లగా పోతోందా అని అడిగితే ఈయన ఏమన్నాడో తెలుసా? అంత నీరసంలోనూ, మాది రంగు పనండీ అన్నాడు. రంగు లేదు డాక్టరుగారూ, డబ్బా ఖాళీ అని నేను అరిచాను. వాళ్ళకేం అర్థమైందో గానీ, మంచం మాత్రం గబగబా లోపలికి తోసుకుపోయారు.

కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు. కడుపులోకి గొట్టం పంపి రక్తం ఆపారు, కొత్త రక్తం ఎక్కించారు. రెండు మందుల మాత్రలో ఒకటి అసలే కడుపుని కొరికే రకమట. దాని మీద సొరుగులోని మాత్రలు, అవీ అదే జాతివి. కడుపు కాలుతుంటే నొప్పి తెలియాలి కదా అంటే, మాత్రలో రెండోది ఉందిగా, అది తెలియనివ్వలేదు. భుజాన్ని జోకొట్టినట్టే కడుపునీ జోకొట్టింది. వరండాలో బాబాయ్ బుగ్గ మీద నురగ ఎండి పెచ్చులు రాలుతోంది. నేను అక్కడే ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక ఇంకో బాధ మొదలైంది. మత్తు మందు ఒంటికి అలవాటైపోయింది, అది లేక ఆయనకి నిలకడ లేకుండా పోయింది. ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు లాగడం. కూర్చోలేడు, పడుకోలేడు. ఈ గదిలోంచి ఆ గదిలోకి, అక్కణ్ణుంచి వీధి గుమ్మంలోకి తిరుగుడే తిరుగుడు. కొన్నాళ్ళు ఇలా ఉండి తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆయన వెనకాలే నేనూ తిరిగాను. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా బతిమాలాడు.

"ఒక్కటివ్వవే. పోనీ సగం."

"భుజం నొప్పితో బతకండి. నాకు మీరు బతికుండాలి," అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. అయినా మిగిలిన మాత్రలున్న సొరుగు తాళం నా కొంగునే ఉంది.

ఇప్పుడు కత్తి నేనే పడుతున్నాను. మధ్యలో చెక్క అడ్డు తీయించేశాను. ఆయన కూర్చుని నురగ కలుపుతాడు, కబుర్లు చెబుతాడు, నా చెయ్యి వాటం బాగాలేదని వంకలు పెడతాడు. సరుకు మనిషి ఎట్టకేలకు వచ్చాడు. నల్లరంగు వద్దని పంపించేశాను. బాబాయ్ మీసం ఇప్పుడు పాలలా తెల్లగా ఉంది. ఇంకో షాపుకి వెళ్ళొచ్చుగా అంటే, అలవాటైన కుర్చీ అని ఊరుకుంటాడు.

మా ఆయన బాత్రూంలోకి వెళితే, కుర్చీలో ఎవరున్నా సరే, చేతిలో కత్తి ఆపి గట్టిగా అడుగుతాను, ఏ రంగు అని. నా పరువు తియ్యకే అని మొదట్లో గొణిగేవాడు. ఇప్పుడు లోపల్నుంచే మామూలే అని కేకేస్తాడు. అందరూ నవ్వుతారు. ఆయన బయటికొచ్చాక నేను లోపలికి వెళ్ళి, లైటు వేసి, వంగి చూసుకుని వస్తాను. ఆయన మీద నమ్మకం లేక కాదని చెప్పాలని ఉంటుంది. నమ్మకం లేకే. ఆయన మీదా లేదు, నా కళ్ళ మీదా లేదు.