ఇరవయ్యొకటో సీసా

నేను ఒక సీసాను. గోధుమరంగు బీరు సీసాను. పూర్తి సీసాగా ఉన్నప్పటి సంగతులు చెప్తాను. ఇప్పుడు ఎంత మిగిలానో చివర్లో మీరే చూస్తారు.

కొలిమిలో ఇసుకగా మరిగాను. అచ్చులో పడ్డాను. ఎవరో గాలి ఊదితే పొట్ట వచ్చింది. మీకు తిని తిని వస్తుంది, మాకు పుట్టుకతోనే వస్తుంది, అంతే తేడా. మొదటిసారి విశాఖపట్నంలో ఒక బారులో మూత తీశారు. తాగినాయన నన్ను గుండెకు హత్తుకుని, తనకు రావలసిన ప్రమోషన్ తోడల్లుడికి వచ్చిందని ఏడ్చాడు. ఏడుపు అయ్యాక నన్ను బల్ల కిందకు తన్నాడు. అక్కడినుంచి పాతసామాన్ల కొట్టుకు, అక్కడినుంచి తేనె అమ్మేవాడి సైకిలుకు చేరాను. వాడు నాలో సగం తేనె, సగం బెల్లం పాకం పోసి, అంతా కొండతేనే అని ఒట్టేసేవాడు. ఒకరోజు సైకిలు గోతిలో పడింది. నా భుజం ఇనుప చట్రానికి కొట్టుకుంది. పగల్లేదు గానీ వెంట్రుకంత గీత పడింది. ఆ గీతను గుర్తుంచుకోండి.

దగ్గు తగ్గడానికని అనకాపల్లిలో నూకరత్నం నన్ను కొంది. తేనె అయిపోయాక బూడిదతో తోమి, నీళ్ళు పోసి, మనీప్లాంటు కొమ్మ పెట్టి కిటికీలో నిలబెట్టింది. నా బతుకులో బాగున్న రోజులంటే అవే. వేళ్ళు నాలో మెల్లగా పెరుగుతుంటే చక్కిలిగిలిగా ఉండేది.

నూకరత్నం మగ్గం పని చేస్తుంది. చెక్క చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, దానిమీద పూసలు, జరీ కుడుతుంది. ఆ రేకుల ఇంట్లో సరైన వెలుతురు ఉన్నది ఆ ఒక్క కిటికీ దగ్గరే. అందుకని చట్రం అక్కడే, సరిగ్గా అటక కింద. ఆమె కళ్ళు చూసి తీరాలి. సన్నటి పూససూదిలోకి ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించేది. పెళ్ళికూతుళ్ళ తల్లులు ఎంత దూరం నుంచైనా వచ్చేవారంటే ఆ కళ్ళ చలవే.

ఆమె మొగుడు పైడిరాజు. లారీ ఆఫీసులో బుకింగ్ చూస్తాడు. మేనత్త కొడుకే కాబట్టి ఆమెకు బావ. మంచివాడే, కానీ ఫోనులో ఏది చూస్తే అది చేసెయ్యాలంటాడు. పుట్టగొడుగులు పెంచాడు, బాతుల్ని పెంచాడు. ఆ ఎండాకాలం ఇంట్లో బీరు కాచే కిట్టు తెప్పించాడు.

అట్టపెట్టెలోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బార్లీ మొలకల చిక్కటి పాకం ఉన్న డబ్బా, బీరుకు చేదు పట్టించే, వేపపువ్వు వాసన కొట్టే హాప్స్ పూల పొట్లం, పులియబెట్టే ఈస్ట్ పొట్లం, రేకు మూతలు, వాటిని బిగించే చేతిమిషను. ఇంకా అంకెలున్న ఒక గాజుపుల్ల. అది బీరులో తేలుతుంది. లోపలి తీపిని ఈస్ట్ తినేకొద్దీ కిందికి దిగుతుంది. అది దిగడం మానేసి ఒకే అంకె దగ్గర నిలిచేదాకా సీసాల్లో పోయకూడదని కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పైడిరాజు పైకే చదివాడు. విన్నది నేనూ, మనీప్లాంటూ.

పాకం కాచి, చల్లార్చి, డ్రమ్ములో పోసి, ఈస్ట్ చల్లాడు. మూతకు పెట్టిన గొట్టంలోంచి బుడుక్ బుడుక్‌మని గాలి పోవడం మొదలైంది. అప్పుడు వచ్చాడు అప్పలసూరి.

అప్పలసూరి నూకరత్నం తండ్రి, పైడిరాజుకు మేనమామ. వయసంతా బెల్లం పెనాల దగ్గర గడిపినవాడు. పంచాంగం చూడకుండా గుమ్మం దాటడు. శనివారం మందు ముట్టడు, మిగతా ఆరు రోజులూ ముట్టకుండా ఉండడు. కూతురంటే ప్రాణం. అది అబద్ధమైతే ఈ కథ చెప్పడం నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

"ఒరే పైడిరాజూ, ఎల్లుండి నుంచి మూఢంరా. రేపు పొద్దున్న ముహూర్తం దివ్యంగా ఉంది. సీసాల్లో పోసెయ్."

"ఇంకా బుడగలొస్తన్నాయి మావయ్యా. గాజుపుల్ల నిలబడలేదు."

"పుల్ల మాట పక్కనెట్టు. మూఢంలో మొదలెట్టిన పని ముక్కిపోద్ది. పాకం కలిపి కలిపి ఈ సేతులు కాయలు కాసినాయి. నాకు తెల్దేటి?"

పైడిరాజు పుల్ల వైపు చూశాడు, మామ వైపు చూశాడు. పుల్ల మాట్లాడదు కదా.

మర్నాడు సీసాలు కడిగి వరసగా పెట్టారు. లెక్కపెడితే ఇరవై. అప్పలసూరి మొహం ముడిచాడు. "శుభమా అని మొదలెడతా సరిసంఖ్యేటి? ఇంకోటి తే."

ఇంకోటి అంటే నేను. పైడిరాజు నాలోంచి మనీప్లాంటును లాగి గిన్నెలో పడేశాడు. వేళ్ళు తెగిన చప్పుడు నాకు మాత్రమే వినిపించింది.

నూకరత్నం చూసి పరుగున వచ్చింది. "అది ఒద్దు బావా. బుజం మీద గీతుంది, సూడు. గోరుకి తగుల్తంది."

"ఎంట్రుకంత గీతకి ఏటవుద్దే? మీ నాన్న ఇరవయ్యొకటి కావాలంటన్నాడు."

గ్యాసు పట్టడానికి, మూత వేసేముందు ప్రతి సీసాలో కొంచెం పంచదార వెయ్యాలట. దానికి కిట్టులోనే పొట్లం ఉంది. అనకాపల్లిలో పుట్టినవాడికి అది తలకొట్టేసినట్టయింది. అప్పలసూరి పొట్లం అవతల పెట్టి, తను తెచ్చిన బెల్లం చితక్కొట్టి, తన చేత్తోనే ఒక్కో సీసాలో వేశాడు. నా దగ్గరకొచ్చేసరికి ముద్దుగా ఇంకో ముక్క వేసి, "ఇది మా అమ్మాయి సీసా," అన్నాడు. మూత బిగిసింది. మమ్మల్ని అటక మీదికి ఎక్కించి అంచున వరసగా పెట్టారు. మూఢం పోయాక మంచిరోజు చూసి తెరవాలని నిర్ణయమైంది.

నా లోపల ఈస్ట్‌కు మూఢమని ఎవరూ చెప్పలేదు. అది మిగిలిన పాకం తింది, బెల్లం తింది, గాలి వదిలింది. డ్రమ్ముకైతే గొట్టం ఉంది. నాకు మూతే ఉంది. పైన రేకులు నిప్పులు చెరుగుతున్నాయి. ఆ వేడికి లోపలున్నది ఇంకా రెచ్చిపోయింది. గోడలన్నీ బయటికి ఒత్తుకుంటున్నాయి, భుజం మీద గీత సలపడం మొదలైంది. కిందికి చూస్తే నూకరత్నం పాపిట కనిపించేది, సరిగ్గా నా కింద. నాకు భయమేసింది. సీసాకు భయమేమిటని నవ్వకండి.

ఆమెకు కూడా ఏదో అనుమానంగానే ఉంది. "ఒక్కటి తీసి సూడొచ్చు కదా బావా?"

"మూఢంలోనా?" అన్నాడు అప్పలసూరి, అప్పుడే బారు నుంచి వచ్చి. బారు సీసాలకు మూఢం అంటదు కాబోలు.

ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో ఉండగా, నాకు రెండు సీసాల అవతలది పేలింది. రేకులు అదిరాయి. కింద బిగించిన జాకెట్టు గుడ్డలో గాజుముక్కలు నిలువుగా దిగాయి. నురుగు చట్రం మీదుగా కారింది. ఇకనైనా దించుతారనుకుని నేను ఊపిరి పీల్చుకోబోయాను.

అప్పలసూరి వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు. "పెద్ద దిష్టి పోయిందమ్మా! నీమీద ఎన్ని కళ్ళున్నాయో! నీకు తగలాల్సింది సీసాకి తగిలింది." ఎర్రనీళ్ళు కలిపి దిష్టి తీశాడు, గుమ్మానికి నిమ్మకాయ కట్టాడు. తర్వాత అటక వైపు చూసి దిగులుపడ్డాడు. ఆ దిగులు దేనికో తెలుసా? మేము మళ్ళీ సరిసంఖ్య అయిపోయామని.

"గ్యాసు బాగా పట్టినట్టుంది మావయ్యా," అని పైడిరాజు మురిశాడు.

"దించెయ్ బావా, నీకు దణ్ణమెడతాను," అంది నూకరత్నం.

"ఇప్పుడు కదిపితేనే పేల్తాయే. ఆదివారంతో మూఢం పోద్ది. సోమవారం మీ నాన్న సేత్తోటే తెరిపిద్దాం."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చట్రం జరుపుదామంటే వేరే చోట వెలుతురు లేదు, పెళ్ళి జాకెట్టు మళ్ళీ మొదటినుంచీ కుట్టాలి. అప్పుడామె ఏం చేసిందంటే, మొగుడి హెల్మెట్ తెచ్చి నెత్తిన పెట్టుకుని, అద్దం దించుకుని మగ్గం ముందు కూర్చుంది. చూసినవాళ్ళంతా పడీపడీ నవ్వారు. పక్కింటావిడ ఫోటో తీసింది. ఏ మనిషి బుర్రకూ తట్టని జాగ్రత్త ఆమెకు తట్టింది. పగిలే జాతివాణ్ణి నేను, ఆ తెలివికి దణ్ణం పెట్టాను.

కానీ ఆ అద్దం పైడిరాజు అద్దం. బండి మీద ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుని, గీతలు పడి మసకబారింది. దానిలోంచి జరీ కుట్టొచ్చు గానీ, పూససూదిలోకి దారం ఎక్కించలేం. దారం అయిపోయినప్పుడల్లా ఆమె అద్దం పైకెత్తేది. ఎక్కించేది. దించేది. ఎత్తిన ప్రతిసారీ నేను బిగుసుకుపోయేవాణ్ణి.

ఆదివారం ఎండ మండిపోతోంది. అప్పలసూరి కొబ్బరికాయ, అరటిపళ్ళు తెచ్చాడు, మర్నాటి ముహూర్తానికి. "రేపు మొదటిది మా అమ్మాయి సీసానే తెరుద్దాం," అన్నాడు. నా భుజంలో గీత టిక్కుమంది. ఒక్క రోజు, అనుకున్నాను. పళ్ళ బిగువున ఒక్క రోజు ఆగుదామనుకున్నాను. కింద ఆమె దారం అయిపోయింది. అద్దం పైకెత్తింది. సూదిని వెలుతురుకు పట్టుకోవడానికి తల పైకి తిప్పింది.

నేను ఆగలేకపోయాను.

విశాఖలో డాక్టర్లు ఎడమకన్ను కాపాడారు. కుడికన్ను పోయింది. చూడ్డానికి వచ్చిన బంధువులు గుమ్మంలో నిలబడి, "మూఢంలో పేలింది కదా, మరి! ఇంకొక్క పూట ఆగి ఉంటే..." అని చెప్పుకున్నారు. ముదనష్టపు సీసా అని నన్ను తిట్టారు. గాజుపుల్లను ఎవరూ తలుచుకోలేదు. పైడిరాజు మాత్రం తడిగోనెలు కప్పి, మిగతా సీసాలను పెరట్లోకి మోసుకెళ్ళి ఒక్కొక్కటే మూత తీశాడు. తాటిచెట్టంత లేచింది నురుగు. తీస్తున్నంతసేపూ ఏడ్చాడు.

నా అడుగు ఒక్కటే ముక్కలు కాకుండా మిగిలింది, చుట్టూ కోరలతో. ప్రహరీ గోడ బాగుచేసినప్పుడు పైడిరాజు దాన్ని సిమెంటులో గుచ్చాడు, దొంగలు ఎక్కకుండా. ఎదురుగా అదే కిటికీ. మనీప్లాంటు ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలో ఉంది.

నూకరత్నం మళ్ళీ కుడుతోంది. ఒంటికన్నుకు దూరం తెలియదట. దారం సూది పక్కనుంచే పోతుంది. అందుకని అప్పలసూరి రోజూ పొద్దున్నే వస్తాడు. కాయలు కాసిన వేళ్ళతో దారం కొస నోట్లో తడిపి, తప్పి, మళ్ళీ తడిపి, ఆ రోజుకు కావలసిన సూదులన్నిటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడతాడు. మొన్నొకరోజు అలవాటు కొద్దీ, "ఇవాళ దశమి, మంచి..." అని మొదలుపెట్టాడు. ఆమె తలెత్తలేదు. ఆయన మాట మింగేసి ఇంకో సూది తీసుకున్నాడు.

పొద్దెక్కితే ఎండ నామీద పడుతుంది. నాలోంచి ఒక గోధుమరంగు వెలుగు కిటికీ దాటి ఆమె చట్రం మీదికి పోతుంది. తాకాలని నాకు ఉండదు, ఎండ నా మాట వినదు. ఆమె కుట్టు ఆపి, కాసేపు దాని వైపు చూసి, చట్రాన్ని నీడలోకి జరుపుకుంటుంది.