చెయ్యి తీసేస్తే

మా వంటింటి వెనక తలుపు తెరవాలంటే పిడి తిప్పితే సరిపోదు. పిడిని కాస్త పైకెత్తి పట్టుకుని, కింద మోకాలితో ఒక్కటి పొడవాలి. చేతిలో చెత్త సంచి ఉన్నా, ఒంట్లో జ్వరం ఉన్నా అంతే. ఆ పొద్దున నేనలా పొడుస్తుంటే మా ఆయన వెండెల్ కాఫీ తాగుతూ, "ఇల్లు భేషుగ్గా ఉంది లవోన్. తనిఖీ ఆయన వస్తాడు, చూస్తాడు, పోతాడు. దిగులుపడకు" అన్నాడు. దిగులు ఇంటి గురించి కాదని ఆయనకు తోచలేదు.

మా ఊరు డులూత్‌లో ఇల్లు అమ్మేముందు తనిఖీ చేయించుకోవడం మామూలే. కొనేవాళ్లు వంకలు పెట్టేలోగా మన వంకలు మనమే తెలుసుకోవచ్చు. అమ్మేశాక మేం పక్క రాష్ట్రంలోని ఫార్గోలో మా అత్తగారు ఆర్డిస్ ఇంటికి మారాలని వెండెల్ నిర్ణయం. ఆవిడ తుంటి ఎముక విరిగింది, మనిషి తోడు కావాలి. థాంక్స్‌గివింగ్ పండగ రోజున భోజనాల దగ్గర టర్కీ కోడిని కోస్తూ కోస్తూ ఆ మాట తేల్చేశాడు. "మరి నా ఉద్యోగం?" అన్నాను. "పళ్ల డాక్టరు దగ్గర ఫోనెత్తే పనే కదా, ఫార్గోలో మాత్రం పళ్లుండవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను "చూద్దాంలే" అన్నాను. మా ఇంట్లో నేను చూద్దాం అంటే సరే అన్నట్టే లెక్క.

తనిఖీ చేసే కివెలా బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకుని, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ లోపలికొచ్చాడు. నేను ఆయన వెనకే తిరిగాను. ఎందుకో భలే కుతూహలంగా అనిపించింది. ప్రతి ప్లగ్గులోనూ చిన్న పరికరం గుచ్చి, రెండు పసుపు దీపాలు వెలిగితే తల ఊపుతున్నాడు. కిటికీ కింద గోడకు ఇంకేదో ఆనించాడు, అది కీచుమంది.

"అదేంటండీ?"

"గోడలో చెమ్మ. పైకి కనపడదు."

ఆ గోడకు ఆనుకునే ఏళ్ల తరబడి బట్టలు మడతపెట్టాను. లోపల నీళ్లున్నాయని నాకే తెలియలేదు. ఇంకా ఏమేం తెలియవో చూడాలనిపించింది.

వెనక తలుపు దగ్గర కివెలా పిడి తిప్పాడు. రాలేదు. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. "కాస్త పైకెత్తి, మోకాలితో ఇలా..."

"చెయ్యి తీసేయండి మేడమ్" అని, ఏదో రాసుకున్నాడు.

బాత్రూంలో ఫ్లష్ నీళ్లు ఆగకుండా పోతుంటే మీట పట్టుకోబోయాను. స్టవ్ మీద ఎడమ బర్నరు అంటుకోకపోతే అగ్గిపుల్ల గీయబోయాను. రెండుసార్లూ ఆపాడు.

"అయ్యో, అన్నీ పనిచేస్తాయండీ. కిటుకు తెలియాలంతే" అన్నాను, ఉక్రోషంగా.

"కిటుకుతో పనిచేస్తే మా దగ్గర చెడిపోయిందనే రాస్తాం. ఆ తలుపు పనిచేయట్లేదు మేడమ్. పనిచేస్తున్నది మీరు." గింజ తొక్కు కాగితం కప్పులో ఉమ్మి నేలమాళిగ మెట్లు దిగాడు.

వెండెల్ తలుపు వంక వింతగా చూశాడు. "ఇది బిగుసుకుపోతుందా? నాకెప్పుడూ చెప్పలేదే!" ఎలా తెలుస్తుంది? ఆ తలుపు చెత్త పారేసే తలుపు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కంటే ముందు నా మోకాలి మీద. ఎవరు పొడవమన్నారు దాన్ని? ఇంకా వేటిని పొడుస్తూ వచ్చిందో! ఆర్డిస్ పుట్టినరోజుకి కార్డు కొని, నాలుగు మాటలు రాసి, వెండెల్ సంతకం కోసం పళ్లెం పక్కన పెట్టేదాన్ని. "నా కొడుకు ఒక్క ఏడాదీ మర్చిపోడు. ప్రేమ ఉండాలిగాని" అని ఆవిడ నాతోనే అనేది. ఆయన రక్తపోటు మాత్ర, ఆయనకూ ఆయన చెల్లెలికీ మాటలు కలపడం, విందుల్లో ఆయన మర్చిపోయిన పేర్లు చెవిలో చెప్పడం... అన్నీ భేషుగ్గానే ఉన్నాయి. చెయ్యి తీస్తే ఏమవుతుంది? నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

మేమూ కిందికి దిగాం. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేసు దగ్గర ఆగి కివెలా అడిగాడు, "ఈ ఫర్నేసు ఫిల్టరు ఎప్పుడు మార్చారు?"

వెండెల్ నావైపు చూశాడు. జవాబు నోటిదాకా వచ్చింది. మింగేసి, నేనూ ఫర్నేసు వంకే చూస్తూ నిలబడ్డాను.

"అదీ... వేసవిలో అనుకుంటా. లవోన్?"

"తెలియదు" అని కివెలా రాసుకున్నాడు.

పైకి వచ్చేసరికి ఆర్డిస్ ఫోను. వెండెల్ స్పీకరు పెట్టాడు. "లవోన్ కోసం నా గది గుమ్మం పక్కనే చిన్న మంచం వేయించానురా. రాత్రిళ్లు పిలిస్తే వినపడాలి కదా" అందావిడ. ఆవిడ గొంతులో భయం వినిపించింది. జాలేసింది. అయినా ఆ మంచం నా కళ్ల ముందు మెదిలింది, గుమ్మం పక్కన, ఇరుకుగా.

"మాట్లాడు" అంటూ వెండెల్ ఫోను నా చేతిలో పెట్టాడు.

"మీకు మనిషి తోడు ఉండాల్సిందే ఆర్డిస్. ఆ మంచం మీద వెండెల్ పడుకుంటాడు. నేను రావట్లేదు. ఇల్లు అమ్మడానికి సంతకమూ పెట్టను."

ఫోను బల్ల మీద పెట్టేశాను. వెండెల్ మొహం జేవురించింది. "బయటి మనిషి ముందు ఏంటిది? అమ్మకి ఏం చెప్పను నేను?" అంటూ విసురుగా వెనక తలుపు దగ్గరికి వెళ్లి పిడి తిప్పాడు. రాలేదు. లాగాడు, భుజంతో గుద్దాడు, మళ్లీ లాగాడు.

"లవోన్! ఇది తెరుచుకోవట్లేదు!"

"అవును, చెడిపోయింది" అన్నాను, చేతులు కట్టుకుని.