ఊ కొట్టిన ఊరు

ఆ పొద్దు ఆకాశం ఊపిరి బిగబట్టుకొని ఉంది. తూర్పున తడ దిక్కు నుంచి లేచిన మబ్బు గుట్ట నెత్తిన కూర్చుంది గాని ఒక్క చినుకూ రాల్చలేదు. ఆకు కదల్లేదు. ఆ ఉక్కలో యశోదమ్మ రాత్రి ఇంటికి రాని తన చూడావును వెతుక్కుంటూ మిట్టకు పోయింది.

ఎగువమిట్ట ఊరికి అదొక్కటే మేతబీడు. వడమాలపేట రోడ్డు మీంచి చూస్తే ఎర్రమన్ను, బోదగడ్డి తప్ప ఏమీ కనబడదు. సర్కారు లెక్కలో అది ఖాళీ భూమి. ఊళ్ళో ప్రతి పాలచుక్కా ఆ ఖాళీలోంచి వచ్చిందే.

నిన్నటిదాకా పశువులు నడిచిన దారికి అడ్డంగా మనిషి లోతు కందకం. అడుగున ఆవు, మెడ మడతబడి. యశోదమ్మ జారుకుంటూ దిగి కడుపు మీద చెయ్యి పెట్టింది. లోపల దూడ ఒకసారి తన్ని ఊరుకుంది.

కొంచెం అవతల పొక్లెయిన్ తవ్వుతూనే ఉంది.

ఆమె కేక విని ఊరంతా వచ్చింది. కంపెనీ ఆఫీసరు మోహన్‌కృష్ణ బైకు దిగాడు. పుత్తూరు పిల్లోడే.

“ఎవుర్ని అడిగి తవ్వినారప్పా?” అన్నాడు యశోదమ్మ మొగుడు చెంగల్రాయుడు.

“మిమ్మల్నే గదన్నా! మామిడి తోట, గుజ్జు ఫ్యాక్టరీ, విదేశీ బ్యాంకు అప్పు, అన్నీ మీటింగు పెట్టి చెప్తిమి. మీరు ఒప్పుకుంటిరి.”

“ఎవురు ఒప్పుకునింది?”

మోహన్‌కృష్ణ ఫోను తీసి వీడియో చూపించాడు. షామియానా కింద ఊరు. మైకులో అతని గొంతు: “మిట్టంతా కంపెనీకి లీజు.” “ఊ,” అంది ఊరు. “సుట్టూ కందకం, కంచె.” “ఊ.” అందరికన్నా గట్టిగా ఊ కొడుతున్నది యశోదమ్మ అత్త జ్ఞానాంబ.

ముసలామె ఫోనులో తన ముఖం తానే చూసుకొని బిత్తరపోయింది. “ఓరి నీ పాసుగూల! ఎదుటి మనిసి మాట్టాడతా ఉంటే ఊ కొట్టకుండా ఎట్లుంటార్రా? గోడకు చెప్పినట్టుండదా? ఇంటా ఉండామని ఊ కొడితిమి. ఇస్తామని కాదు!”

“బ్యాంకోళ్ళకు ఆ తేడా తెల్దవ్వా. ఈ వీడియో సూసే అప్పిచ్చినారు. రేపు వాళ్ళే వస్తాండారు. పోయినసారి మాదిరే ఉండండి, సాలు. ఆవుకు ఏదన్నా ఇప్పిస్తాం.”

ఆవును పాతిపెట్టి వచ్చాక, సాయంత్రం పాలకేంద్రం ముందర జనం కూడారు. మిట్ట పోతే మేత లేదు. మేత లేకపోతే పశువుల్ని సంతకు తోలాల్సిందే. ఆ పైన మనుషులు ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

ఊళ్ళో పెద్దరైతు చిన్నబ్బకు ఆ దిగులు లేదు. మామిడి తోటలున్నాయి, బోర్లున్నాయి. కంపెనీ మనుషులు దిగేది అతని మేడలోనే.

“సర్కార్లు పెట్టిన బ్యాంకప్పా అది, వడ్డీ యాపారం కాదు. పేద దేశాల సేద్యం బాగుచేసేదానికే ఉండాది. ఆఫ్రికాలో ఎంతమందిని బాగుచేసిందో! కావాలంటే చెంగల్రాయుణ్ణి అడగండి, ఆడ ట్రాక్టరు తోలినాడు గదా.”

జనం అటు తిరిగారు. చెంగల్రాయుడు జాంబియాలో కొన్నేళ్ళు ఉండి వచ్చాడు. ఆ సంగతులు యశోదమ్మకు కూడా ఎన్నడూ చెప్పలేదు.

“బాగుచేసింది,” అన్నాడు నేలను చూస్తూ. “నేను సూసినా. ఆడ జనం మొక్కజొన్న పండించుకొని, పిండి విసురుకొని సంగటి తినేవాళ్ళు, మన మాదిరే. ఈ బ్యాంకే ఒక పెద్ద సేద్యం ఫారానికి అప్పిచ్చింది. మీటింగు పెట్టినారు. ఆ దేశంలో మర్యాద ఏందంటే, పెద్దమనిసి మాట్టాడతా ఉంటే దోసిలి పట్టి మెల్లగా సేతులు తడతారు. ఇంటా ఉండామని. బ్యాంకోళ్ళు సప్పట్లు కొట్టినారని రాసుకున్నారు.”

కాలి బొటనవేలితో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు.

“కంచె పడింది. ఏటినీళ్ళు ఫారం పైపుల్లోకి పోయినాయి. మళ్ళేడు వాళ్ళే కంచెలోపల కూలికొచ్చినారు. వాళ్ళ నేల్లో పండిన పిండి వాళ్ళే అంగట్లో కొనుక్కొనిపోయినారు. ఆకలి తీర్చినామని గేటుకాడ బోర్డు పెట్టినారు.”

తిరుపతిలో డిగ్రీ చదివే ప్రశాంతి లేచింది. “అట్లయితే రేపు ఎవురూ ఊ కొట్టొద్దు. నోరే తెరవొద్దు.”

“నావల్ల కాదు మే,” అంది జ్ఞానాంబ. “మాట ఇంటే ఊ అదే వస్తాది. నోటి నిండా వక్కాకు కుక్కుకుంటా.”

జనం నవ్వారు. చిన్నబ్బ కూడా నవ్వాడు. “కుక్కో అత్తా. మౌనం అర్ధాంగీకారం అంటారు, యాడా ఇన్లేదా? ఊ అన్నా ఒప్పుకున్నట్టే, ఊరకున్నా ఒప్పుకున్నట్టే.”

నవ్వు ఆగిపోయింది. పేదవాడు నోరు తెరిచినా మూసినా అది వాళ్ళకు సంతకమే.

యశోదమ్మ ముందుకు వచ్చింది. గోళ్ళలో ఇంకా ఎర్రమన్ను ఉంది.

“ఊహూఁ అందాం,” అంది.

“ఏందీ?”

“ఊ కొట్టే సోటంతా ఊహూఁ అందాం. పాలొద్దంటే సంటిబిడ్డ కూడా అంటాది గదా.”

మర్నాడు మిట్ట మీద షామియానా లేచింది. పక్కనే పోలీసు జీపులు. బ్యాంకు నుంచి వచ్చిన తెల్లామె ముందు కుర్చీలో కూర్చుంది. మోహన్‌కృష్ణ మైకు అందుకున్నాడు.

“మన ఊరికి ఫ్యాక్టరీ వస్తాది!”

“ఊహూఁ,” అంది ఊరు.

అరుపు కాదది. నోరు తెరవకుండా ముక్కుతో అన్నారు. ఊరంతా ఒక్క ముక్కుతో అంటే కుర్చీలు అదిరాయి.

“ఇంటికొక ఉద్యోగం!”

“ఊహూఁ.”

“మీ బిడ్డల బతుకులు...”

“ఊహూఁ.”

తెల్లామె ఏమిటని అడిగింది. మోహన్‌కృష్ణ చెమట తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

“ఒప్పుకుంటా ఉండామని చెప్తాండాడు!” ప్రశాంతి అరిచింది.

చెంగల్రాయుడు లేచాడు. తెల్లామె ఎదురుగా నిలబడి దోసిలి పట్టి మెల్లగా తట్టాడు. తర్వాత ఒకే మాట అన్నాడు. “ఇయాయి.”

జాంబియాలో వద్దని చెప్పే మాట అది. ఆమె చటుక్కున తల ఎత్తింది. ఎక్కడో ఎప్పుడో విన్న మాటే అయ్యుండాలి, ముఖం పాలిపోయింది. కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకొని కారు దగ్గరికి నడిచింది.

కారు మలుపు తిరిగేదాకా ఎస్సై ఆగాడు. “వీళ్ళకు నేర్పిందెవడ్రా?”

“నేర్పేదేముండాది సారూ? మా నోరు, మా మాట,” అంది జ్ఞానాంబ.

చెంగల్రాయుణ్ణీ ప్రశాంతినీ లాక్కుపోయి జీపెక్కించారు. అడ్డంపడ్డ యశోదమ్మను లాఠీతో వెనక్కి నెట్టారు. కదిలే జీపులోంచి అతను ఆమెను చూశాడు.

“కందకం పూడ్సండి,” అన్నాడు.

జీపు తిరుపతి వైపు పోయింది. మోహన్‌కృష్ణ చెయ్యి ఊపాడు. పొక్లెయిన్ మళ్ళీ గర్జించింది.

యశోదమ్మ పార తెచ్చి, పశువుల దారిలో ఒక పెళ్ళ కందకంలోకి తోసింది. జ్ఞానాంబ గంపతో వచ్చింది. ఒకరి వెనక ఒకరు పారలు, చలగపారలు, చేటలు. చిన్నబ్బ తోట కూలీలు కూడా అతని కళ్ళముందే వచ్చి వరసలో నిలబడ్డారు.

“సుందరరాజూ, బండి వాళ్ళమీదికి తోలు!” మోహన్‌కృష్ణ అరిచాడు. “పక్కకు పోతారు!”

పొక్లెయిన్ తోలే సుందరరాజు తిరుత్తణి మనిషి. పారల్ని చూశాడు, ఆడవాళ్ళను చూశాడు. ఇంజను ఆపి తాళం జేబులో వేసుకున్నాడు.

“ముడియాదు సార్, నావల్ల కాదు,” అన్నాడు.

పొద్దు గుంకేవేళకు పశువుల దారి వెడల్పున కందకం పూడింది. ఊళ్ళోంచి సంగటి, చెనక్కాయలు నూరిన ఊరిబిండి వచ్చాయి. పూడ్చిన పచ్చిమన్ను మీదే అందరూ బాసింపట్టు వేసుకొని కూర్చున్నారు. యశోదమ్మ ఒక ముద్ద తీసి సుందరరాజు చేతిలో పెట్టి, పక్కకు జరిగింది. అతను కూర్చున్నాడు.

వడమాలపేట రోడ్డు మీద పోలీసు వ్యాన్లు వరసగా మిట్టకేసి తిరిగాయి. ఎవరూ లేవలేదు.

సంగటి నమిలేది కాదు, మింగేది. అందుకే ఆ మిట్ట మీద చప్పుడన్నది లేదు. వ్యాన్లు దగ్గరపడ్డాయి. వాళ్ళు తింటూనే ఉన్నారు.