వార్డంతటికీ ఒక్క నంబరు

నేను ఒక సెల్‌ఫోన్‌ని. ఈ మాట వినగానే మీలో సగం మంది మొహం చిట్లించి ఉంటారు. మనుషుల నిద్ర, మెడనరాలు, కాపురాలు అన్నీ నేనే పాడుచేస్తున్నానని రోజూ వింటున్నాను. ఆ నిందలన్నీ నాలోనే చదువుతారు, నాలోంచే పదిమందికి పంపుతారు. నాకు కాళ్లు లేవు. ఎవరి దిండు కిందికీ నేను నడిచి వెళ్లలేదు. అందుకే తల దించుకుని మాట్లాడను.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, తలకు టోపీ, మూతికి గుడ్డ కట్టుకున్న అమ్మాయి నా అద్దం మీద నలుసంత దుమ్ము కనిపెట్టి తుడిచింది. నేను చూసిన మొదటి మనిషికి కళ్లు తప్ప మొహం లేదు. ముందుముందు నా ఉద్యోగమంతా అలాంటి మనుషుల మధ్యేనని అప్పుడు నాకేం తెలుసు.

పాలకొల్లులో ఒక కొట్టులో సుందర్‌పాల్ నన్ను కొన్నాడు. అతను తణుకులో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. కాబోయే భార్య కెజియాకి పెళ్లికానుక నేను. చిలకపచ్చ కవరు దొరికేదాకా కొట్టు కదలనన్నాడు. పెళ్లయ్యాక నా పని ఎంత హాయిగా ఉండేదో చెప్తే నమ్మరు. వంటింట్లోంచి ఆమె, ముందు గదిలోంచి అతను మెసేజ్‌లు పంపుకునేవారు. మధ్యలో ఒక్క గోడ. మొదటిసారి గుండ్రంగా వచ్చిన చపాతీని ఆమె నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయించింది. ఆ చపాతీకి అంత అందం ఎక్కడిదో నాకు అర్థం కాలేదు గానీ, నేనూ మురిసిపోయాను.

అంతలో కరోనా వచ్చింది. కెజియా ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెను కోవిడ్ వార్డు డ్యూటీలో వేశారు. ఒక వారం డ్యూటీ, ఒక వారం ఆసుపత్రి వాళ్లిచ్చిన హాస్టల్ గదిలో క్వారంటైన్. ఇంటికి వెళ్లడానికి లేదు. మొగుడూ పెళ్లాం కలుసుకునే చోటు ఇక నేనే.

వార్డులోకి నన్ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసుకెళ్లేది. తెల్ల సూటు వేసుకుంటే అందరూ ఒకేలా ఉంటారని వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకునేవారు. కెజియా తన పేరు పక్కన చిన్న పువ్వు కూడా గీయించుకునేది. ఆ వేషంలో నేనే ఆమెను గుర్తుపట్టలేకపోయాను. మొహం చూపిస్తే కాదన్నాను, వేలు పెడితే గ్లవ్సు. చివరికి విసుగొచ్చి నాకున్న తాళాలన్నీ తీసేసింది.

ఒకరోజు సూర్యకాంతం గారనే పెద్దావిడ మాస్కులోంచి ఏదో గొణుగుతుంటే కెజియా వంగి వింది. ఇంటి దగ్గర గేదె ఈనిందో లేదో తెలుసుకోవాలట. కెజియా వాళ్లింటికి వీడియో కాల్ చేసి నన్ను ఆవిడ మొహం ముందు పట్టుకుంది. అవతల మనవరాలు పరుగున వెళ్లి దూడని చూపించింది. "నల్లదేనే," అంది సూర్యకాంతం గారు తృప్తిగా. చుట్టుపక్కల మంచాల వాళ్లు కూడా తలలెత్తి చూసి నవ్వారు. ఆ దూడ కంటే అందమైన దృశ్యం నా తెర మీద ఇంతవరకు రాలేదు.

ఇక అందరూ అడిగారు. బంధువుల్ని లోపలికి రానివ్వరు. ఆఫీసులో ల్యాండ్‌లైను మోగుతుంది గానీ తీసేవాళ్లు లేరు. కెజియా తన నంబరిచ్చింది. అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకి, నేను వార్డంతటికీ ఒక్క నంబరునైపోయాను. దీనికి తోడు ఆసుపత్రి వాట్సప్ గ్రూపు. డ్యూటీలో ఉన్నట్టు ఫొటో పెట్టాలి, ఆలస్యమైతే ఆర్ఎంవో శేషగిరిరావు గారి నుంచి ప్రశ్నార్థకం వస్తుంది. ఆసుపత్రి అజమాయిషీ అంతా ఆయనదే.

క్వారంటైన్ వారంలోనూ నేను మోగుతూనే ఉన్నాను. ఎత్తకపోతే భయపడిపోతారని ఆమె ఎత్తుతూనే ఉంది. కాల్ లేనప్పుడైనా నన్ను దించిందా అంటే, లేదు. ఎక్కడ ఆక్సిజన్ అయిపోయింది, ఎక్కడ ఏ నర్సు పోయింది, అవన్నీ వేలితో పైకి తోస్తూ కూర్చునేది. చూపు తెర మీదే ఉండేది, చదువుతున్నట్టు మాత్రం ఉండేది కాదు. చేతికంటిన అన్నం ఎండిపోయేది. స్నానానికి వెళ్లి, నేను మోగకుండానే మోగాననుకుని తడితలతో వచ్చేసేది. సుందర్‌పాల్‌తో వీడియో పెట్టుకుని ఇద్దరూ చెరో లోకంలో తలలు వంచుకునేవారు.

"మానెయ్ బుజ్జీ. మనం ఎలాగోలా బతుకుతాం," అన్నాడతను ఒకరోజు.

"నాకీ పనంటే ఇష్టం బావా. మానితే బతకడమేంటి?" అంది. కానీ కాల్ అయ్యాక నాలో రాజీనామా టైపు చేసుకుని, చాలాసేపు చూసి, చెరిపేసింది. మర్నాడు మళ్లీ టైపు చేసింది, మళ్లీ చెరిపేసింది. నేను చూసినంతలో, ఆమె అంత ఇష్టపడిన పనిని ఆమె చేతే వదిలించబోతున్నారు. వదిలిస్తున్నది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ వారమే పొరపాటు జరిగింది. వార్డులో పేర్లతో పని ఉండదు, మంచంతోనే పిలుచుకుంటారు. పెద్దిరాజు గారు కిటికీ మంచం. ఆయన కూతురు ధనకుమారి ఫోన్ చేసి నాన్నెలా ఉన్నాడని అడిగింది. కెజియా వార్డులో ఉన్న సిస్టరుకి ఫోన్ చేసి, కిటికీ మంచం ఎలా ఉందని కనుక్కుని, "పొద్దున రెండిడ్లీలు తిన్నారమ్మా," అని సంతోషంగా చెప్పింది. ఇడ్లీలు తిన్నది ఆ మంచం మీదికి కొత్తగా వచ్చినాయన. పెద్దిరాజు గారిని అంతకుముందు సాయంత్రమే ఐసీయూకి మార్చారు.

నిజం తెలిసి ధనకుమారి గేటు దగ్గర కూలబడి ఏడ్చింది. దేవుడి దయవల్ల పెద్దిరాజు గారు బతికారు గానీ, బతుకుతారన్న ధైర్యం ఆ రోజు ఎవరికీ లేదు. నర్సులు ఫోన్ల పిచ్చిలో పడ్డారు, ఫోన్లన్నీ గేటు దగ్గరే ఇచ్చి లోపలికి వెళ్లాలి అని ఆర్ఎంవో గారు గ్రూపులో పెట్టారు. ఆ ఆజ్ఞ కూడా నాలోనే వచ్చిందని గమనించండి.

తర్వాతి డ్యూటీ వారం ముగిసిన మధ్యాహ్నం కెజియాని ఆర్ఎంవో గారు తన గదికి పిలిచారు. బుగ్గల మీద మాస్కు గీతలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. హెడ్ సిస్టరు దమయంతి గారు గోడవారన నిలబడ్డారు.

"ఫోన్ పట్టుకుంటే మీకు లోకం తెలీదమ్మా. మెమో ఇస్తున్నాను," అన్నారాయన.

"తప్పు చెప్పానండి. ధనకుమారి గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. కానీ రెస్టులో ఉన్న నన్నెందుకు అడిగారండి ఆవిడ? అడగడానికి ఈ ఆసుపత్రిలో ఇంకెవరున్నారు?"

"అది వేరే విషయం."

"అదే విషయమండి." ఆమె నన్ను ఆయన టీ కప్పు పక్కన పెట్టింది. "ఫోన్ ఎక్కువైందన్నారు కదా, ఇక్కడే ఉంచుతున్నాను. మోగితే మీరే తియ్యండి. నేను పడుకోవాలి."

"నాదీ పెట్టమంటారా సార్?" అన్నారు దమయంతి గారు నెమ్మదిగా.

కెజియా తలుపు దాటిందో లేదో, నేను మోగాను. నా జన్మలో అంత గర్వంగా ఎప్పుడూ మోగలేదు. ఆయన కట్ చేశారు. మళ్లీ మోగాను. విసుగ్గా ఎత్తితే, మా ఆవిడ మజ్జిగ తాగిందాండీ అని ఒకాయన. వార్డుని అడగమంటే, ఇదే కదండీ వార్డు నంబరు అన్నాడు. వార్డులో ఫోన్లు లేవు కదా, ఆర్ఎంవో గారు మనిషిని పంపి అడిగించారు. ఏ మంచం సార్ అని తిరిగి అడిగించారు వాళ్లు. ఆయనకి తెలియలేదు. ఈలోపు ఇంకొకరు. కప్పులో టీ మీద మీగడ కట్టింది. ఒక ముసలాయన ఏమీ అడగకుండా ఏడ్చాడు. ఆయన ఏడ్చినంతసేపూ ఆర్ఎంవో గారు నన్ను చెవి దగ్గరే ఉంచుకున్నారు. ఆ తర్వాత కట్ చేయడం మానేశారు.

సాయంత్రం ఒక గొంతు వినిపించింది. "బుజ్జీ, తిన్నావా?"

"నేను ఆర్ఎంవోనయ్యా."

"మా కెజియా ఏదండీ?"

"పడుకుంది," అన్నారాయన. ఆ వెంటనే, తన గదిలోనే ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి, "లేపకు," అన్నారు.

మర్నాటికి వార్డుకి సొంత ఫోన్ వచ్చింది. ప్రతి షిఫ్టులో దాని దగ్గర కూర్చుని రోగి పేరు అడిగి, మంచం దగ్గరికి వెళ్లి చూసి చెప్పడానికి ఒక మనిషినీ వేశారు. మెమో మాత్రం రాలేదు.

ఆ మధ్యాహ్నం కెజియా నా కోసం వచ్చింది. చెంప మీద దిండు మడత అచ్చుపడి ఉంది. రాజీనామా మాట నాలో ఎక్కడా లేదు, ఆమె మొహంలోనూ లేదు. నన్ను అందిస్తూ, "కొత్తది వచ్చినా నీది కూడా ఆన్‌లో ఉంచమ్మా, అవసరం పడొచ్చు," అన్నారు ఆర్ఎంవో గారు.

"రెస్టులో ఉన్నానండి," అంది నవ్వుతూ.

గేటు బయట సుందర్‌పాల్ బండి హారన్ వినిపించింది. దగ్గరికి రాకూడదు కదా, రోడ్డుకి అవతలే నిలబడ్డాడు. అతను చేయి ఊపాడు. కెజియా నా పక్క బొత్తాం నొక్కి, నా తెర నల్లబడేదాకా పట్టుకుంది.

ఆ తర్వాత రోడ్డుకి అటూ ఇటూ నిలబడి వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నిందించేవాళ్లు నిందించుకోండి. ఆ కాపురంలో నాకు తెలియని ఒక మధ్యాహ్నం ఉంది. నేను ఇంత తల ఎత్తుకుని మాట్లాడుతున్నది దాని బలంతోనే.